సవరణ: బోయింగ్ 40ఏలో ఎవరు ఎక్కడ కూర్చునేవారు

అమెరికా టపా విమానం బోయింగ్ 40ఏ గురించిన మొన్నటి పోస్టులో పైలట్, ప్రయాణికులు అందరూ కప్పులేని సీట్లలోనే కూర్చునేవారని ఉంది. అది సరికాదు. ప్రయాణికులు ఇద్దరికీ రెక్కల మధ్య మూసి ఉన్న చిన్న క్యాబిన్ ఉండేది. చలిగాలీ వానా ముఖాన కొట్టేది వెనక, పైకప్పు లేని కాక్‌పిట్‌లో ఉన్న పైలట్‌కే. రాకీ పర్వతాల మీదుగా అలా ఉత్తరాలు మోసిన మనుషుల గురించి ఈ తేడా చెప్పి తీరాలి.

ఇంజన్ లిబర్టీ అని కూడా ఆ పోస్టులో ఉంది. అదీ సరికాదు. నీటితో చల్లబడే ఆ బరువైన ఇంజన్ 1925 నాటి తొలి నమూనాది. 1927 జులై 1న శాన్‌ఫ్రాన్సిస్కో–షికాగో టపా మార్గంలోకి దిగిన 40ఏది గాలితో చల్లబడే వాస్ప్ ఇంజన్. రేడియేటర్, నీళ్ల బరువు తప్పింది కాబట్టే టపా సంచులతో పాటు మనుషులనూ ఎక్కించుకోగలిగింది.