అంతరిక్ష నౌకల అతినీలలోహిత వెలుగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ వెలుగు గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, మీ పోషణ అంతా మా ఖర్చు మీదే కదా.

రాకెట్ మాది, ఇంధనం మాది, సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగమూ మాదే. ఆ వేగంలో పలుచటి గాలి నౌక ముందువైపు తగలగానే మీరు హాజరు. వెనకవైపు ఆ తాకిడి ఉండదు, అటు మీరూ కనపడరు.

మీ తమ్ముడు ఎర్రవెలుగు నయం. 1982 మార్చిలో అమెరికా స్పేస్ షటిల్ కొలంబియా మూడో యాత్రలో దాని తోక మీద దర్జాగా ఫొటో దిగాడు. నౌక ఒంటికి అంటుకున్న నైట్రిక్ ఆక్సైడ్‌తో ఆక్సిజన్ పరమాణువు కలిస్తే పుడతాడని అతని పుట్టుపూర్వోత్తరాలూ తెలిశాయి. మీరు మనిషి కంటికి ఆనరు. పరికరానికే కనపడతారు, అదీ అది వేరే పనిలో ఉన్నప్పుడు.

అసలు ఫిర్యాదు ఇక్కడుంది. పై వాతావరణంలోని నైట్రోజన్ అణువులు వెదజల్లే అతినీలలోహిత కాంతిని కొలిస్తే అక్కడి సంగతులు తెలుస్తాయని ఉపగ్రహాలు పంపుతాం. లైమన్-బర్జ్-హాప్‌ఫీల్డ్ పట్టీలని దానికో పెద్ద పేరు. మీరూ సరిగ్గా ఆ పట్టీలతోనే దిగుతారు! 1978లో ఎగిరిన ఎస్3-4 ఉపగ్రహం కొలతల్లో బయటపడింది మీ ఈ వేషమే. ఇక ఏది ఆకాశం, ఏది మీరు? పెళ్లి ఫొటోల్లో అడ్డంగా నిలబడే మేనమామనైతే గుర్తుపట్టి కత్తిరించొచ్చు. మీరు పెళ్లికూతురి చీరే కట్టుకుని నిలబడుతున్నారు.

పైగా నౌక కాస్త కిందికి దిగితే చాలు, మీ హడావుడి గాలి సాంద్రతను మించి పెరుగుతుంది.

మావాళ్లూ తక్కువ తినలేదు లెండి. 1994లో కొలంబియాను పనిగట్టుకుని సుమారు 195 కిలోమీటర్ల ఎత్తుకు దించి, నైట్రోజన్ వాయువు వదిలి మరీ మీ కుటుంబాన్ని పరిశీలించారు. అడ్డొచ్చినవాడి మీదే ప్రాజెక్టు రాసి నిధులు తెచ్చుకోవడం పరిశోధకులకు వెన్నతో పెట్టిన విద్య.

ఒక్క విన్నపం. ఈసారి కొలతల్లో మీ వాటా ఎంతో ముందే రాసి పంపండి. అది తీసేసి మిగతాది ఆకాశం ఖాతాలో వేసుకుంటాం. జవాబు మాత్రం మీ తమ్ముడి చేత రాయించండి, మీ దస్తూరీ మాకు కనపడదు.

ఇట్లు,
మీ బిల్లులు కడుతున్న భూవాసి