ఆట కొన్నాం, హక్కు కొనలేదు

యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన కార్ల పందేల వీడియో ఆట ‘ది క్రూ’ 2024 మార్చి 31న శాశ్వతంగా ఆగిపోయింది. అమెరికా పటాన్ని కుదించి, ఈ తీరం నుంచి ఆ తీరం దాకా కారు నడుపుకుంటూ వెళ్లేలా తయారుచేసిన ఆట అది. ఒంటరిగా ఆడుకునేవారికి కూడా కంపెనీ సర్వరుతో సంబంధం తెగకూడదన్న నియమం పెట్టారు. సర్వరు ఆపేయడంతో పందేలతో పాటు ఖాళీ రోడ్డు మీద షికారు కూడా పోయింది. తర్వాత కొద్ది రోజులకే, కొన్నవారి ఖాతాల్లోంచి లైసెన్సులను కూడా కంపెనీ వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది.

ఆటలను డౌన్‌లోడ్‌గా అమ్మే డిజిటల్ దుకాణాలను తప్పుపట్టేవారు ముందుగా చూపించే ఉదంతం ఇదే. డిస్కు కొనుక్కుని ఉంటే ఈ బాధ ఉండేది కాదంటారు. అది సరికాదు. ‘ది క్రూ’ డిస్కుల మీద కూడా అమ్ముడైంది. బీరువాలో డిస్కు భద్రంగా దాచుకున్నవారి ఆట కూడా అదే రోజున ఆగింది. నింటెండో ఆట యంత్రం స్విచ్ 2తో 2025లో వచ్చిన ‘గేమ్ కీ కార్డు’లు ఇంకో అడుగు ముందుకు వేశాయి. దుకాణానికి వెళ్లి, డబ్బు కట్టి, పెట్టె విప్పి కార్డు చేతిలోకి తీసుకున్నా అందులో ఆట ఉండదు. డౌన్‌లోడ్ చేసుకోవడానికి అనుమతి ఉంటుంది, అంతే. అందుకే డిస్కు గొప్పదా, డౌన్‌లోడ్ గొప్పదా అన్న తగువులో నాకు పెద్దగా ఆసక్తి లేదు. డబ్బు పుచ్చుకున్న తర్వాత కూడా అమ్మినవాడి దయ అవసరమవుతోందా, లేదా? చూడాల్సింది అది.

అలాగని ఈ దుకాణాలు చేసిన మేలును తక్కువ చేయడం అన్యాయం. ఇవాళ కంప్యూటర్ ఆటల దుకాణంగా అందరికీ తెలిసిన స్టీమ్‌ను వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో ప్రారంభించినప్పుడు అది దుకాణం కానేకాదు. సొంత ఆటలకు సవరణలు పంపే సాధనం. 2004 నవంబరులో తన కొత్త ఆట ‘హాఫ్ లైఫ్ 2’ ఆడాలంటే స్టీమ్ తప్పనిసరి చేశారు. మొదటి రోజుల్లో సర్వర్లు రద్దీకి తట్టుకోలేక, డిస్కు కొన్నవారు కూడా ఆట తెరుచుకోక తిట్టుకున్నారు. ఇతర కంపెనీల ఆటలు 2005 నుంచి చేరాయి. మిగతాది తెలిసిన కథే. 2025 మార్చిలో ఒకే సమయంలో స్టీమ్‌లో ఉన్నవారి సంఖ్య 4 కోట్లు దాటింది.

మన దగ్గర ఈ మార్పు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 2000ల దశకంలో హైదరాబాద్‌లో కంప్యూటర్ ఆట అంటే కోఠి ఫుట్‌పాత్ మీద దొరికే పైరసీ సీడీ, లేదంటే ఇంటర్నెట్ కేంద్రంలో ఎవరో ఎక్కించిపెట్టిన ‘కౌంటర్ స్ట్రైక్’. అసలు ప్రతి కొనాలని మనసున్నా, అన్ని ఊళ్లలోనూ దొరికేది కాదు. పైరసీకి ధర కన్నా సేవల లోపమే పెద్ద కారణమని వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ 2011లో వాదించారు. అప్పట్లో అది ధనిక దేశాల మాటలా వినిపించింది. కానీ స్టీమ్ 2015 నవంబరులో రూపాయల్లో ధరలు పెట్టింది. మరుసటి సెప్టెంబరులో జియో వచ్చి డేటా ఖరీదును నేలకు దించింది. 40 జీబీల ఆటను దించుకోవాలంటే నెల కోటా మొత్తం ఖర్చయ్యే రోజులు పోయాయి. వేసవి, శీతాకాలపు తగ్గింపులు తోడయ్యాయి. కరీంనగర్‌లోనో ఏలూరులోనో ఉన్న కుర్రవాడికి న్యూయార్క్ కుర్రవాడితో పాటే, అదే రోజున, వైరస్ భయం లేకుండా ఆట అందుతోందంటే ఆ ఘనత ఈ దుకాణాలదే.

ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి. ఇవాళ అందరూ మెచ్చుకునే వాపసు సదుపాయం దుకాణం ఔదార్యం ఒక్కదాని వల్లే వచ్చిందని నేను అనుకోను. కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు మించకుండా ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కి ఇస్తుంది. ఈ విధానం 2015 జూన్‌లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ, వాపసు హక్కు విషయంలో కొనుగోలుదారులను తప్పుదోవ పట్టించారంటూ వాల్వ్ మీద కోర్టుకెక్కింది. 2016 డిసెంబరులో వాల్వ్‌కు 30 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది. మా చట్టాలు అమెరికావి, మీ దేశ చట్టం మాకు వర్తించదన్న వాదన అక్కడ చెల్లలేదు. ఈ సంగతిని మన వినియోగదారుల సంఘాలు ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

ఆట తయారుచేసేవారి వైపు నుంచి చూస్తే లెక్క ఇంకోలా ఉంటుంది. ఒకప్పుడు పంపిణీదారు దయతలిస్తేనే అరలో చోటు దొరికేది. ఇప్పుడు 100 డాలర్లు కడితే స్టీమ్‌లో ఆట పెట్టుకోవచ్చు. అమ్మకాలు 1,000 డాలర్లకు చేరితే ఆ రుసుము కూడా తిరిగి వస్తుంది. ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని తయారుచేసిన ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ 2016లో విడుదలై, 2024 చివరికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైంది. పుణేకు చెందిన నోడింగ్ హెడ్స్ బృందం మన పురాణాల నేపథ్యంతో తీసిన ‘రాజీ’ 2020లో ప్రపంచమంతటా ఈ దుకాణాల ద్వారానే చేరింది. డిస్కులు అచ్చువేసి ఓడల్లో పంపే పద్ధతిలో ఇలాంటి ఆటను ఎవరు పట్టించుకునేవారు?

తలుపు అందరికీ తెరిస్తే తొక్కిసలాట తప్పదు. 2024 ఒక్క ఏడాదిలోనే స్టీమ్‌లో 18 వేలకు పైగా ఆటలు వచ్చాయి. అంటే రోజుకు 50కి అటూ ఇటూ. మొదటి పేజీలో ఏది కనబడాలో అల్గారిదం నిర్ణయిస్తుంది. మునుపు పంపిణీదారు గుమస్తా కాదన్నాడు, ఇప్పుడు యంత్రం ఏమీ అనదు. ఆట మాత్రం ఎవరి కంటా పడదు. అయినా గుమస్తా కన్నా యంత్రమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పాఠకుడు, ఆటగాడు, యూట్యూబర్ ఎవరో ఒకరు తట్టి లేపే అవకాశమైనా మిగిలింది.

ఇక దుకాణం తీసుకునే, అందరూ కత్తులు నూరే 30 శాతం వాటా సంగతి. మన దగ్గర ఒక ఆటను 1,180 రూపాయలకు అమ్మారనుకుందాం. అందులో 18 శాతం జీఎస్టీ కింద 180 పోతుంది. మిగిలిన వెయ్యిలో 300 దుకాణానిది. స్టూడియోకు 700. భారీ అమ్మకాలున్న ఆటలకు వాల్వ్ 2018 చివర్లో కొంత సడలింపు ఇచ్చింది: కోటి డాలర్ల రాబడి దాటితే వాటా 25 శాతం, 5 కోట్లు దాటితే 20 శాతం. పెద్దవాడికి రాయితీ, చిన్నవాడికి పూర్తి వడ్డింపు అన్నమాట. అదే ఏడాది డిసెంబరులో ఎపిక్ గేమ్స్ 12 శాతమే తీసుకుంటానంటూ తన దుకాణం తెరిచింది. కొన్ని ఆటలను తన దగ్గర మాత్రమే అమ్మేలా డబ్బిచ్చి ఒప్పందాలు చేసుకుంది, వారం వారం ఉచిత ఆటలు పంచింది.

దీనివల్ల కొనేవాడికి ఏం ఒరిగింది? ‘మెట్రో ఎక్సోడస్’ లాంటి ఒకటి రెండు సందర్భాల్లో అమెరికాలో 10 డాలర్లు తగ్గించారు. మిగతా చోట్ల దుకాణం వాటా సగానికి పైగా తగ్గినా ఆట ధర అలాగే ఉండిపోయింది. స్టీమ్ కన్నా ఇతర చోట్ల తక్కువకు అమ్మనివ్వకుండా వాల్వ్ ఒత్తిడి చేస్తోందని వుల్ఫైర్ గేమ్స్ అనే స్టూడియో 2021లో అమెరికాలో దావా వేసింది. ఆరోపణను వాల్వ్ తోసిపుచ్చింది. 2024 నవంబరులో కోర్టు దాన్ని సామూహిక వ్యాజ్యంగా అనుమతించింది. ఆ తీర్పు ఎటు వచ్చినా, వాటాల తగాదా ప్రధానంగా అమ్మేవారి మధ్య పంపకాల తగాదా. స్టూడియోల పట్ల నాకు సానుభూతి ఉంది. కానీ 30 శాతం 12 శాతమైనంత మాత్రాన ‘ది క్రూ’ కొన్నవారికి ఆట తిరిగి రాదు.

మన దేశంలో ఇదే తగాదా ఎక్కువగా ఫోన్ల మీద నడిచింది. ప్లే స్టోర్‌లో చెల్లింపుల విధానంపై 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పిలేట్ ట్రైబ్యునల్ 2025 మార్చిలో దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది.

దుకాణం వెనుక మరో దుకాణం ఉంటుందని 2025 జులైలో బయటపడింది. చెల్లింపుల సంస్థల నియమాలకు లోబడి స్టీమ్ కొన్ని పెద్దల ఆటలను తొలగించింది, ఇచ్.ఐఓ అనే మరో ఆటల దుకాణం ఆ తరహా ఆటలను వెతుకులాటలో కనబడకుండా చేసింది. తొలగినవాటిలో కొన్ని పోతే పోయాయనిపించేవే. కానీ ఏది అమ్మాలో ఏది కూడదో నిర్ణయించింది కోర్టు కాదు, ప్రభుత్వం కాదు, కొనేవాడు అసలే కాదు. కార్డు చెల్లింపులు నడిపే కంపెనీలు. అమ్మకం కొద్దిమంది చేతుల్లో పోగుపడితే, నొక్కవలసిన గొంతులు కూడా కొద్దే ఉంటాయి.

వీటన్నిటికన్నా మన జేబుకు దగ్గరి విషయం పునఃవిక్రయం. కొత్త ప్లేస్టేషన్ 5 ఆట డిస్కు మన దగ్గర 4,000 నుంచి 5,000 రూపాయల దాకా ఉంటుంది. చాలామంది దాన్ని నెలలోపు ఆడేసి, వెయ్యి రూపాయలు తక్కువకు ఇంకొకరికి అమ్మి, ఆ డబ్బుతో మరొకటి కొంటారు. మధ్యతరగతి ఇంట్లో ఈ సరదా నడిచేదే అలా. డిజిటల్ ప్రతికి ఆ దారి లేదు. స్నేహితుడికి ఇవ్వలేం, సగం ధరకు అమ్మలేం. స్టీమ్ నిబంధనల ప్రకారం ఖాతాను మరొకరికి బదిలీ చేయడం కూడా కుదరదు. ఇరవై ఏళ్లు పోగుచేసిన ఆటలను వీలునామాలో పిల్లలకు రాయలేం. ఫ్రాన్సులో ఒక వినియోగదారుల సంఘం దీని మీద గట్టిగానే పోరాడింది. డిజిటల్ ఆటను తిరిగి అమ్ముకునే హక్కు ఉందని 2019లో పారిస్ కోర్టు చెప్పింది. 2022లో పై కోర్టు కొట్టేసింది. 2024లో అత్యున్నత న్యాయస్థానం కూడా వాల్వ్ పక్షానే నిలిచింది. యూరప్‌లో సాధారణ సాఫ్ట్‌వేరుకు 2012 నుంచి ఉన్న వెసులుబాటు ఆటలకు లేకుండా పోయింది. డిజిటల్ ప్రతి అరగదు, తిరిగి అమ్మితే కొత్తది ఎవరూ కొనరన్నది పరిశ్రమ భయం. భయంలో నిజం ఉంది. మరి తిరిగి అమ్ముకోలేని సరుకును డిస్కు ధరకే ఎందుకు అమ్ముతున్నట్లు?

ఇంకో పద్ధతి సాధ్యమేనని చూపించే దుకాణం ఒకటుంది. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2008లో మొదలుపెట్టిన జీఓజీలో ఆటకు కాపీని అడ్డుకునే తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైలును దించుకుని హార్డ్ డిస్కులో దాచుకుంటే, రేపు జీఓజీ మూతపడినా ఆట ఆడుతుంది. తాళం లేకపోతే దొంగలు పడతారని పెద్ద కంపెనీలు తమ కొత్త ఆటలను అక్కడికి అంత తేలిగ్గా పంపవు. కానీ సీడీ ప్రాజెక్ట్ సొంత ఆట ‘విచర్ 3’ 2015లో మొదటి రోజు నుంచే అక్కడ తాళం లేకుండా దొరికింది. అన్ని వేదికల మీదా కలిపి 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైంది. దొంగలు పడలేదని కాదు, పడినా ఇల్లు గుల్ల కాలేదు.

చట్టాల వైపు కదలిక ఆలస్యంగా మొదలైంది. డిజిటల్ సరుకుకు ‘కొనండి’ అన్న మాట వాడితే, అది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందే స్టీమ్ బిల్లు పేజీలో ఆ ముక్క కనబడటం మొదలైంది. నిజం చెప్పడం మంచిదే, కానీ చెప్పినంత మాత్రాన కొనేవాడికి కొత్తగా దక్కిందేమీ లేదు. ‘ది క్రూ’ మూతతో పుట్టిన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం అంతకన్నా సూటిగా అడుగుతోంది: సర్వర్లు ఆపేటప్పుడు ఆటను ఆడదగ్గ స్థితిలో వదిలి వెళ్లండి. ఐరోపా సమాఖ్యలో ఈ విన్నపంపై సంతకాలు 2025 జులైలో 10 లక్షలు దాటాయి. వేలమంది ఒకేచోట ఆడే ఆటలకు ఇది ఖర్చుతో కూడిన పని, భద్రతాపరమైన చిక్కులూ ఉన్నాయని కంపెనీలు అంటున్నాయి. అలాంటి ఆటల విషయంలో ఆ మాట ఒప్పుకోవచ్చు. ఒంటరిగా ఆడుకునే భాగానికి అది వర్తించదు. ఇంత గొడవ జరిగాక యూబీసాఫ్టే ‘ది క్రూ 2’కు సర్వరు అక్కర్లేకుండా ఆడే వీలు కల్పించింది. సాంకేతికంగా కుదరదన్న వాదనకు ఆ కంపెనీ చేతలే జవాబు.

మన దగ్గర కొత్త చట్టం దాకా వెళ్లనక్కర్లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో, ఆన్‌లైన్ అమ్మకాల్లో కొనేవారిని మభ్యపెట్టే పద్ధతులపై మార్గదర్శకాలు ఇచ్చింది. గడువు ముగుస్తోందని తప్పుడు తొందర పెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 రకాలను అందులో పేర్కొంది. అనుమతిని అమ్ముతూ దాన్ని కొనుగోలుగా చూపించడాన్ని 14వదిగా చేర్చవచ్చు. దానికి తోడు, రూపాయల్లో ధర పెట్టి అమ్మే ప్రతి ఆట పేజీలోనూ రెండు విషయాలు పెద్ద అక్షరాల్లో ఉండాలని ఆదేశించవచ్చు: సర్వరు లేకుండా ఈ ఆట నడుస్తుందా, నడవకపోతే కనీసం ఏ తేదీ వరకు నడుపుతామని కంపెనీ మాట ఇస్తోంది. ఆ తేదీకి ముందే ఆపితే మిగిలిన కాలానికి డబ్బు వాపసు ఇవ్వాలి. మూతపడిన తన ఆన్‌లైన్ ఆటల సేవ స్టేడియా విషయంలో గూగుల్ 2023 నాటికి ఆటల డబ్బు తిరిగి ఇచ్చేసింది కాబట్టి, అది అసాధ్యమని ఎవరూ అనలేరు.