టీవీ కొనుగోలుకు శాస్త్రోక్త విధానం

టీవీని చూడటానికి కొంటారని ఇప్పటికీ నమ్మేవాళ్లు కొందరున్నారు. వాళ్ల అమాయకత్వం మీద మాకు గౌరవమే తప్ప కోపం లేదు. తెలుగింట్లో టీవీ కొనేది తోడల్లుడు చూడటానికి. ఆయన హాల్లో 43 అంగుళాలుంటే మన హాల్లో 55 ఉండాలి. ఆయన 55కి ఎదిగితే మనం 65కి ఎగబాకాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించి, జనానికి ఊరట ఇచ్చామని ప్రభుత్వం అనుకుంది. జనం మాత్రం పది శాతం తగ్గిందంటే పది అంగుళాలు పెంచమని సర్కారువారి ఆదేశంగా స్వీకరించారు.

ఈ శుభకార్యానికి అడ్డుపడేది ఒక్క టేపే. సోఫాలో కూర్చున్నవాడి కంటి నుంచి గోడ దాకా కొలవమని కొందరు ఛాదస్తులు చెబుతుంటారు. తెర మన చూపులో సుమారు 30 డిగ్రీల మేర పరుచుకోవాలట. అందుకని టీవీకి మూల నుంచి మూలకు ఉన్న కొలతను 1.6తో గుణిస్తే కూర్చోవాల్సిన దూరం వస్తుందట. 43 అంగుళాలకు ఐదడుగుల తొమ్మిది అంగుళాలు, 55కి ఏడడుగుల నాలుగు, 65కి ఎనిమిదడుగుల ఎనిమిది. డబుల్ బెడ్రూం ఫ్లాట్లో సోఫాకీ గోడకీ మధ్య తొమ్మిది పదడుగులు ఉందనుకుంటే, ఈ లెక్కన 65 కూడా పెద్దదేమీ కాదు. అంటే తోడల్లుడి మీద పంతంతో కొన్నది పొరపాటున శాస్త్రానికి సరిపోయే ప్రమాదం ఉంది. ఎందుకైనా మంచిది, కొలవకుండా కొనండి.

అదే టేపు ఇంకో అపశకునం కూడా పలుకుతుంది. మామూలు కంటిచూపు ఒక డిగ్రీలో 60వ వంతు కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. ఆ ప్రకారం 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చుక్కలు, ఐదున్నర అడుగులు దాటగానే కలిసిపోతాయి. పదడుగుల దూరాన కూర్చుని 43లో, ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలుండే ఫోర్‌కే చూసేవాళ్లు అదనపు పిక్సెళ్లకు డబ్బు కట్టి, వాటిని చూడకుండా సంయమనం పాటిస్తున్నారన్నమాట. దానికీ నాలుగు రెట్లుండే ఎయిట్‌కే 65 అంగుళాల్లో అయితే అది సంయమనం దాటి తపస్సు. దాని పిక్సెల్ కంటికి ఆనాలంటే తెరకు రెండడుగుల దూరంలో పీట వేసుకోవాలి. టీవీకి అంత దగ్గరగా కూర్చుంటే కళ్లు పోతాయని కేకలేసిన అమ్మమ్మలకు ఈ సంగతి తెలియనివ్వకండి.

షోరూమ్‌కి దసరాకో, ఆషాఢం సేల్‌కో కుటుంబ సమేతంగా వెళ్లడం ఆచారం. అక్కడ ముప్పై టీవీలు వరసగా ఒకే దృశ్యాన్ని చూపిస్తుంటాయి: తేనె చుక్క జారుతుంది, రామచిలుక రెక్క విప్పుతుంది, దానిమ్మ గింజ మీద నీటిబొట్టు మెరుస్తుంది. ఇవన్నీ టీవీ కంపెనీలే దగ్గరుండి తీయించుకున్న ఫోర్‌కే వీడియోలు. పైగా ప్రతి సెట్టూ స్టోర్ మోడ్‌లో ఉంటుంది. వెలుగు గరిష్ఠం, రంగు గరిష్ఠం, తెలుపులో నీలిమందు పాలు కాస్త ఎక్కువ. ట్యూబ్‌లైట్ల కింద పక్క టీవీతో పోటీపడి కొనేవాడి కన్ను లాగడానికే ఆ ఏర్పాటు. ఆ వరసలో ఏది బాగా మండుతోందో అదే మంచి టీవీ అని తేల్చడం మన పద్ధతి. పెన్‌డ్రైవ్‌లో బాగా తెలిసిన సినిమా ఒకటీ, సాదా క్వాలిటీ సీరియల్ ముక్క ఒకటీ వేసుకెళ్లి, పిక్చర్ మోడ్ సినిమాకు మార్చి చూపించమని అడిగేవాళ్లూ ఉంటారు. సేల్స్‌మన్ వాళ్లని ‘సార్’ అనడం మానేసి మేనేజర్ని పిలుస్తాడు.

ఇంటికొచ్చాక రామచిలుక రాదు, సీరియల్ వస్తుంది. సాదా చానల్ బొమ్మ 720 గుణకాలు 576 పిక్సెళ్లు. ఫోర్‌కే తెర 3840 గుణకాలు 2160. భాగిస్తే సరిగ్గా 20. సెట్‌టాప్ బాక్సు ఒక్క పిక్సెల్ పంపితే మిగతా 19 టీవీ ఊహించి నింపాలి. ఒక గ్లాసు మజ్జిగలో 19 గ్లాసుల నీళ్లు పోసి బంతి మొత్తానికి వడ్డించినట్టే. ఖరీదైన సెట్లో ఉండే ప్రాసెసర్‌కి ఈ విద్య కొంచెం బాగా వచ్చు. చౌకదానికి రాదు, కథానాయిక ముఖం మైనపు బొమ్మలా నున్నగా తేలుతుంది. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ మైనమూ పెద్దదవుతుంది. నెలనెలా హెచ్‌డీ ప్యాకేజీ కడుతూ, బాక్సు నుంచి టీవీకి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత వైరే గుచ్చుకున్న ఇళ్ల భక్తి మరీ గొప్పది. ఆ పసుపు పిన్నులోంచి హెచ్‌డీ బొమ్మ పోదు గాక పోదు. హెచ్‌డీఎంఐ కేబుల్ వేసినా, బాక్సు సెట్టింగుల్లో అవుట్‌పుట్ 576 దగ్గరే నిద్రపోతుంటే ఫలితం అదే. దాన్ని 1080కి మార్చడానికి రిమోట్‌తో ఒక్క నిమిషం పని. కానీ రిమోట్‌లో మెనూ బటన్ నొక్కితే చానళ్లు పోతాయని ఇంట్లో పెద్దల నమ్మకం.

ఓటీటీ ఉందిగా అంటారు. నెట్‌ఫ్లిక్స్ ఫోర్‌కేకి 15 ఎంబీపీఎస్ వేగం ఉండాలంటుంది, అదీ ప్రీమియం ప్లాన్‌లోనే. మొబైల్ ప్లాన్ పాస్‌వర్డును మేనల్లుడి దగ్గర తీసుకున్నవాళ్లకు ఆ ప్లాన్ టీవీలో పనే చేయదు.

అట్టపెట్టె మీది బిరుదుల సంగతికొద్దాం. ఎల్‌ఈడీ టీవీ అంటే వెనక ఎల్‌ఈడీ దీపాలు పెట్టిన ఎల్‌సీడీయే. క్యూఎల్‌ఈడీ అంటే అదే ఎల్‌సీడీకి క్వాంటమ్ డాట్ పొర ఒకటి జోడించడం, రంగులు నిజంగానే మెరుగవుతాయి. వెలుగుకీ చీకటికీ తేడా మరింత పెంచి చూపే హెచ్‌డీఆర్ బిరుదు మాత్రం విచిత్రం. 250 నిట్ల వెలుగు దాటని సెట్టు మీద కూడా అది ఉంటుంది. ఆ సెట్టు హెచ్‌డీఆర్ సిగ్నల్‌ని అందుకోగలదని మాత్రమే దాని భావం, చూపించగలదని ఎవరూ హామీ ఇవ్వలేదు. నీలాకాశంలో సూర్యుడు కళ్లు చికిలించేలా మెరవాలంటే కనీసం 600 నిట్లయినా ఉండి, వెనక దీపాలు భాగాలు భాగాలుగా వెలిగి ఆరగలగాలి. దాన్నే లోకల్ డిమ్మింగ్ అంటారు. ఆ వెలుగూ అదీ లేని తెర మీద హెచ్‌డీఆర్ సినిమా చాలాసార్లు మామూలు సినిమా కంటే చీకటిగా కనిపిస్తుంది. ‘ప్రింటు బాగాలేదు’ అని ఓటీటీని తిట్టుకుంటాం. మోషన్ రేట్ 120 అని రాసి ఉన్న సెట్టు అసలు వేగం చాలాసార్లు 60 హెర్ట్జే, అంటే సెకనుకు 60 బొమ్మలే, మిగతాది కవిత్వం. బొమ్మ చూపించే అసలు తెర పలకని ప్యానెల్ అంటారు, దాని గురించి ‘ఏ ప్లస్ గ్రేడ్ ప్యానెల్’ అని గర్వంగా అచ్చేస్తారు. ఆ పరీక్ష ఎవరు పెట్టారో, బీ గ్రేడ్ వచ్చిన ప్యానెల్ ఎవరింట్లో ఉందో కొనేవాడు తేల్చుకునే దారి లేదు.

అడగాల్సిన ప్రశ్న ఒకటుంది కానీ అది బిరుదుల్లో ఉండదు: ఎల్‌సీడీ ప్యానెళ్లలోని రెండు రకాల్లో ఇది వీఏనా, ఐపీఎస్సా? వీఏలో నలుపు బాగా నల్లగా వస్తుంది, కాంట్రాస్టు ఐపీఎస్‌కి మూడు నాలుగు రెట్లు. కాకపోతే ఎదురుగా కూర్చోవాలి, పక్కకు జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ పక్క నుంచి చూసినా రంగు నిలుపుకుంటుంది, చీకటి సీను మాత్రం బూడిద రంగులో వస్తుంది. మన హాళ్లలో సోఫాలో ఎదురుగా కూర్చునేది ఇద్దరే. అత్తగారు దివాన్ మీద ఓరగా, పిల్లలు కింద చాప మీద, ఇంకొకరు వంటింటి గుమ్మానికి ఆనుకుని గరిటెతో. ఈ సభకు తగ్గ ప్యానెల్ ఏదో సేల్స్‌మన్‌ని అడిగితే, ఫ్రీగా వాల్ మౌంట్ ఇస్తామని చెబుతాడు.

ఓఎల్‌ఈడీకి ఈ బాధలు లేవు. దాంట్లో ప్రతి పిక్సెలూ తనంతట తానే వెలుగుతుంది, ఆరితే అమావాస్యే. ఓరగా చూసినా రంగు చెక్కుచెదరదు. దాని శత్రువు తెలుగు న్యూస్ చానల్. కింద రెండు స్క్రోలింగులు, వాటి మీద ఎర్రటి బ్రేకింగ్ పట్టీ, మూలన లోగో, పక్కన గడియారం, పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా కదలకుండా ఒకే చోట. ఆ చోటి పిక్సెళ్లు మిగతావాటి కంటే ముందు అరిగి, ఏళ్లు గడిచాక బ్రేకింగ్ న్యూస్ లేని వేళ కూడా ఆ పట్టీ నీడ తెర మీద మిగిలిపోతుంది. దీన్ని సరిదిద్దే పని టీవీ తానే చేసుకుంటుంది, రిమోట్‌తో ఆపాక, స్టాండ్‌బైలో, గుట్టుగా. కానీ రిమోట్‌తో ఆపాక గోడ స్విచ్ కూడా కట్టేయడం మనింటి ఆర్థిక క్రమశిక్షణ. స్టాండ్‌బైలో అర వాట్ లాగే సెట్టు ఏడాదంతా అలాగే ఉన్నా నాలుగున్నర యూనిట్లలోపే కాలుస్తుంది. ఆ నాలుగున్నర యూనిట్లు కాపాడటం కోసం లక్ష రూపాయల తెరని వైద్యం అందకుండా పడుకోబెడతాం.

వడ్రంగి ఇంతకుముందే షోకేస్ చేసి ఉంటాడు. అందులో టీవీకి వదిలిన గూడు 48 అంగుళాలు. 55 అంగుళాల టీవీ తెర వెడల్పూ దాదాపు 48 అంగుళాలే, అంచులు కలిపితే ఇంకాస్త. గాలి ఆడటానికి చుట్టూ నాలుగంగుళాలు వదలమని మాన్యువల్ చెబుతుంది. గూటికి రంపం పెట్టాలి, లేదా టీవీని గూటి పైన కొట్టాలి. అందరూ రెండోదే చేస్తారు. కూర్చున్నవాడి కన్ను నేల నుంచి సుమారు 42 అంగుళాల ఎత్తులో ఉంటుంది, తెర మధ్యభాగం కూడా ఆ దరిదాపుల్లో ఉండాలి. మనవాళ్లు ఆరడుగుల ఎత్తున, దేవుడి పటం పక్కన బిగిస్తారు. డైనింగ్ టేబుల్ నుంచి కూడా కనపడాలి కదా. రెండో వారానికి మెడ పట్టేస్తుంది, దోషం దిండు మీదకి పోతుంది. మామూలు బ్రాకెట్‌తో గోడకు అంగుళంన్నర దూరంలో బిగించాక తెలిసే ఇంకో విశేషం, హెచ్‌డీఎంఐ పోర్టులు వెనక్కి తిరిగి గోడకేసి చూస్తున్నాయని. పోర్టులు పక్కకు తెరుచుకునే మోడల్ అయితే చెయ్యి దూరుతుంది. లేకపోతే కొత్త వైరు గుచ్చాలన్నప్పుడల్లా టీవీని దించాలి.

అమర్చాక పిక్చర్ సెట్టింగులు ముట్టుకోకపోవడం ధర్మం. ముట్టుకునే నాస్తికులు చేసేది ఇదీ: రంగులు దట్టించే వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్ పెడతారు, రంగు ఉష్ణత వార్మ్‌కి మారుస్తారు, షార్ప్‌నెస్ బాగా తగ్గిస్తారు, ఎనర్జీ సేవింగ్ ఆపేస్తారు. మొదటిరోజు తెరంతా పచ్చకామెర్లు వచ్చినట్టుంటుంది. రెండు మూడు రోజుల్లో కంటికి అలవాటై, పాత వివిడ్ బొమ్మే నీలంగా కనబడుతుంది. మోషన్ స్మూతింగ్ కూడా ఆపుతారు. సినిమా తీసింది సెకనుకు 24 ఫ్రేములతో. టీవీ మధ్యలో లేని ఫ్రేములు కల్పించి దూర్చేసరికి, కోట్లు పోసి తీసిన యుద్ధం సీరియల్‌లో పెళ్లిచూపుల సీనులా జారిపోతుంది. పైనా కిందా నల్ల పట్టీలు వస్తే డబ్బు వృథా అయినట్టు బాధపడి జూమ్ నొక్కేవాళ్లకు, పాట్లో చివరి వరస డాన్సర్లు ఇద్దరు అటూ ఇటూ కోసుకుపోయారని తెలియదు.

క్రికెట్‌కి వేరే చిక్కుంది. మన ప్రసారాలు సెకనుకు 50 ఫ్రేముల లెక్కన వస్తాయి, టీవీకి గుచ్చిన స్ట్రీమింగ్ స్టిక్ చాలాసార్లు 60 హెర్ట్జ్‌లో పంపుతుంది. ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు చూపిస్తేనే లెక్క సరిపోతుంది. అందుకే బంతి బౌండరీకి పోతూ పోతూ చిన్నగా ఎక్కిళ్లు పెడుతుంది. స్టిక్ సెట్టింగుల్లో ఫ్రేమ్ రేట్ మ్యాచ్ చేసే మీట ఉంటే తిప్పాలి. కెమెరా మైదానం మీద అడ్డంగా తిరిగినప్పుడు పచ్చికలో నిలువు చారలు కదలకుండా కనిపిస్తే అది పిచ్ రిపోర్టు కాదు, ప్యానెల్ లోపం. వాపసు గడువు ఉండగానే ఒక మ్యాచ్ చూడాలి.

శబ్దం గురించి రెండు ముక్కలు చాలు. వేలు మందం లేని సెట్లో స్పీకర్లు నేలకేసి మాట్లాడతాయి. సౌండ్‌బార్ కొంటే, టీవీ శబ్దాన్ని బయటికి పంపే, ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ పోర్టులోనే గుచ్చండి, పక్కదాంట్లో గుచ్చితే టీవీ శబ్దం అందులోకి రాదు.

చివరగా శుచి. రిమోట్‌కి ప్లాస్టిక్ కవర్, తెర అంచులకి స్టిక్కర్లు అలాగే ఉంచి, తెరని మాత్రం అద్దాలు తుడిచే మందు కొట్టి తడి న్యూస్‌పేపర్‌తో రుద్దుతారు. ఆ ద్రవం జారి కింది అంచులోకి దిగుతుంది. ప్యానెల్‌కి సిగ్నల్ అందించే సన్నటి రిబ్బన్లు చాలా సెట్లలో అక్కడే అంటించి ఉంటాయి. వారం తిరక్కుండా పైనుంచి కిందికి ఒక ఆకుపచ్చ గీత. పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడిస్తే చాలని చెబితే, అలా తుడిస్తే పోయే దుమ్ము కాదంటారు. టెక్నీషియన్ వచ్చి, వెనక మూత విప్పి, కింది అంచున తెల్లగా పట్టిన మరకకేసి చూసి, “నీళ్లేమన్నా పడ్డాయా సార్?” అంటాడు. ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా లేదంటారు. ఆయన తలూపి, కాగితం మీద లిక్విడ్ డ్యామేజ్ అని రాసి, వారంటీ గడిలో ఇంటూ కొట్టి సంతకానికి పెన్ను అందిస్తాడు.