అప్పన్న గుడి గోడల మీద మనం పలకరించని దేవతలు

సింహాచలం వెళ్లే భక్తుడి ధ్యాసంతా అప్పన్న మీదే ఉంటుంది. ఏడాదంతా చందనం పూతలో ఉండే స్వామి నిజరూపం అక్షయ తృతీయ నాడే కనిపిస్తుంది కాబట్టి ఆ ఆరాటం సహజమే. అయితే గోడల మీద, ద్వారబంధాల మీద, స్తంభాల అడుగున చెక్కిన చిన్న దేవతల్ని ఏ గుడిలోనైనా అలంకారం అనుకుని దాటేస్తున్నాం. గుడిని ఎలా చూడాలో చెప్పేది వాళ్లే.

దిక్పాలకుల్నే తీసుకోండి. ఋగ్వేదం మొదలయ్యేదే అగ్ని స్తుతితో. ఇంద్రుడు, వరుణుడు ఆ కాలంలో అందరికన్నా పెద్ద దేవుళ్లు. తర్వాత శివకేశవులు ప్రధానమైనా వీళ్లని ఎవరూ పంపేయలేదు, గుడి తలా ఒక దిక్కు అప్పగించింది. తూర్పున ఏనుగు మీద ఇంద్రుడు, ఆగ్నేయంలో పొట్టేలు మీద అగ్ని, దక్షిణాన దున్నపోతు మీద యముడు, పడమర మొసలిలాంటి మకరం మీద వరుణుడు. వాహనం చూస్తే చాలు, మనం గుడికి ఏ వైపున ఉన్నామో తెలిసిపోతుంది. వంటగది ఆగ్నేయంలోనే ఉండాలని బిల్డర్‌తో గొడవపడే మనం, గుడిలో ఆ మూలన ఉన్న అగ్నిదేవుణ్ణి మాత్రం గుర్తుపట్టలేం!

ఎక్కువ గుళ్లు తూర్పు చూస్తాయి, సింహాచలం పడమర చూస్తుంది. అంటే వరుణుడి దిక్కే అప్పన్నకి ముంగిలి. సముద్రం తూర్పున ఉన్న విశాఖలో సముద్రాధిపతి కొండమీద పడమర కాపలా కాస్తాడన్న ఊహ నాకు చాలా ఇష్టం.

చరిత్రకి కూడా వీళ్లు సాక్షులు. ఇప్పటి సింహాచలం ఆలయం చాలావరకు 13వ శతాబ్దంలో తూర్పు గాంగుల ఏలుబడిలో రూపుదిద్దుకుంది. కోణార్క్ కట్టించిందీ ఆ వంశమే. కళింగ గుళ్లలో ద్వారం పైన గ్రహదేవతల్ని వరసగా చెక్కుతారు. భువనేశ్వర్‌లోని పాత పరశురామేశ్వరాలయంలో గ్రహాలు ఎనిమిదే, కోణార్క్ నాటికి తొమ్మిది. ఆ రెండు గుళ్ల మధ్య కాలంలో కేతువు వచ్చి చేరాడు. గుడి వయసు అంచనా వేయడానికి పండితులకి ఆ ఒక్క బొమ్మ ఎంతో సాయం చేసింది.

మూలవిరాట్టుకి ధ్యానశ్లోకం, అంటే దేవుడి రూపం ఎలా ఉండాలో చెప్పే శ్లోకం, గీసిన హద్దులుంటాయి. బరువు మోస్తూ పళ్లు బిగించిన భూతగణాల దగ్గరికి వచ్చేసరికి శిల్పి చేతికి కాస్త స్వేచ్ఛ దొరికింది. ఆ ముఖాల్లో నాకు రాళ్లు మోసిన కూలీలే కనిపిస్తారు.

ఇలాంటి శిల్పాల మీద సున్నాలు, ఆయిల్ పెయింట్లు పూయడం, వాటికి అడ్డంగా కరెంటు వైర్లు లాగడం ఏ గుడిలోనైనా ఆపాలి. పక్కనే తెలుగులో పేరు, వాహనం, దిక్కు రాసిన చిన్న బోర్డు పెట్టాలి. గంటలకొద్దీ క్యూలో నిలబడే పిల్లలు వాటిని చదువుకుంటూ, తర్వాతి మూలలో ఎవరున్నారో వాళ్లే వెతుక్కుంటారు.