డబ్బా మీద ఒకటి, ఫోన్లో ఒకటి

భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువు గట్ల మీద జియోలైట్ అనే ఖనిజం పొడి బస్తాలు కనిపించడం వింతేమీ కాదు. నీళ్లలో అమ్మోనియా పెరిగిందని తేలితే రైతు ఆ పొడి చల్లుతాడు. అదే పేరున్న పొడి ఈమధ్య చిన్న తెల్ల డబ్బాలో మా ఆఫీసుకు వచ్చింది. తెచ్చింది ఓ పాఠకుడు. ఆయన తండ్రికి పెద్దపేగు కేన్సర్, కీమో సగంలో ఉంది. డబ్బా వెనక, కళ్లజోడు సర్దుకుంటే తప్ప కనిపించని అక్షరాల్లో 'ఇది ఫుడ్ సప్లిమెంట్ మాత్రమే, ఏ జబ్బునూ నయం చేయడానికి కాదు' అని రాసి ఉంది. అమ్మినవాళ్లు ఆయన ఫోనుకు పంపిన వాట్సాప్ వీడియోలో మాట వేరే. 'పేగులోని కేన్సర్‌ను పీల్చేసే ఖనిజం, సైంటిస్టులే తేల్చారు' అంటోంది ఓ తీయని గొంతు. నమ్మకం కుదరడానికి ఒక పరిశోధన పత్రం మొదటి పేజీ ఫొటో కూడా జోడించారు.

ఆ పత్రం నకిలీది కాదు, అందులోది నిజమైన సైన్సే. అందుకే ఈ మోసం మరీ ప్రమాదకరం.

పెద్దపేగు కేన్సర్‌కు 1957లో వెలుగు చూసిన 5-ఫ్లోరోయురాసిల్ నేటికీ ప్రధానమైన మందు. నోటి ద్వారా ఇస్తే పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉండే ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. రక్తంలోకి ఎంత చేరుతుందో మనిషి మనిషికీ మారిపోతుంది. అందుకే దాన్ని నరంలోకి ఎక్కిస్తారు. ఎక్కించాక అది గడ్డ దగ్గరే ఆగదు, ఒళ్లంతా తిరుగుతుంది. నోట్లో పుండ్లు, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం, ఈ బాధలన్నీ కీమో వార్డు బయట బెంచీ మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. కేపసైటబిన్ మాత్రలు వచ్చాక సూది బాధ కొంత తప్పింది గానీ, అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి తోలు ఊడే బాధ దానితోనూ ఉంది.

మందును పొట్టలో ఆమ్లం, చిన్నపేగు దాటించి నేరుగా పెద్దపేగులోనే విడుదల చేయగలిగితే? ఈ ప్రశ్న దగ్గరే ఖనిజాలు రంగంలోకి దిగాయి. జియోలైట్ నిండా సూక్ష్మ రంధ్రాలే. 'వై' రకం జియోలైట్ రంధ్రం వెడల్పు 0.74 నానోమీటరు, అంటే చిన్న మందు అణువు పట్టేంత. హాలోయ్‌సైట్ అనే మట్టి సన్నటి గొట్టాల్లా ఉంటుంది. బెంటోనైట్ మట్టిలో పొరల మధ్య మందు ఇరుక్కుంటుంది. 1992లో వెల్లడైన ఎంసీఎం-41 అనే రంధ్రాల సిలికాలోకి మందు నింపొచ్చని 2001లో చూపించారు. అలా నింపిన పొడికి పైన ఇంకో పూత వేస్తారు. ఆమ్లంలో కరగకుండా, పెద్దపేగు చేరాకే విప్పుకునే పూత. గ్వార్ గమ్‌ను అక్కడి బ్యాక్టీరియా తినేస్తుంది కాబట్టి అది పూతగా పనికొస్తుంది. మన గోరుచిక్కుడు గింజల జిగురే అది. ఆ జిగురుతోనే 5-ఫ్లోరోయురాసిల్‌ను పెద్దపేగు దాకా మోయించే మాత్రలపై ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫార్మసీ విభాగం వాళ్లు 2002లోనే పరిశోధన ప్రచురించారు. గర్వపడాల్సిన పనే.

కానీ ఈ మొత్తం కథలో ఖనిజం పాత్ర ఏమిటి? అది ఆటో. ఎక్కి కూర్చునే మందు వేరు, తీసుకెళ్లే ఆటో వేరు. ఆ తెల్ల డబ్బాలో ఉన్నది ఖాళీ ఆటో. మందూ లేదు, పూతా లేదు. పైగా మందు నింపిన ఆటో కూడా ఇంకా ల్యాబ్ గేటు దాటలేదు. గాజు పాత్రల్లో కణాల మీద, ఎలుకల మీద ఫలితాలు వచ్చాయి. పెద్దపేగు కేన్సర్‌కు ఇలాంటి ఖనిజంలో నింపి నోటి ద్వారా ఇచ్చే మందు ఒక్కటి కూడా ఇప్పటిదాకా ఆమోదం పొంది మార్కెట్లోకి రాలేదు. డాక్టర్లకే చేతికి రాని సరుకు ఈ డబ్బావాళ్లకు ఎక్కడ దొరికిందట!

ఖాళీ ఆటో ఊరికే తిరగదు, దారిలో దొరికినవాళ్లను ఎక్కించుకుంటుంది. రంధ్రాల పొడికీ పొరల మట్టికీ పీల్చుకోవడమే గుణం. విరేచనాలకు వాడే స్మెక్టైట్ పొడి కూడా ఈ కుటుంబానిదే. దాన్ని వేరే మందులతో కలిపి వేసుకోవద్దు, మధ్యలో గంటల వ్యవధి ఉంచాలని చెబుతారు. మరి మాత్రలు మింగిన పది నిమిషాలకు ఈ పొడి తాగుతున్న ఆ తండ్రి సంగతేమిటి? డబ్బా మీద ఆ ఊసే లేదు. 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొన్ని బెంటోనైట్ ఉత్పత్తుల్లో సీసం ఉందని జనాన్ని హెచ్చరించింది. ఇక జియోలైట్ల కుటుంబంలోనే ఎరియోనైట్ అనే నారలాంటి ఖనిజం ఉంది. తుర్కియేలోని కప్పడోకియా పల్లెల్లో ఆ ధూళి పీల్చినవాళ్లకు ఊపిరితిత్తుల పొర కేన్సర్ వచ్చి ఇళ్లకు ఇళ్లే ఖాళీ అయ్యాయి. జియోలైట్లన్నీ ఎరియోనైట్ కావు, నిజమే. డబ్బాలో ఉన్నది ఏ జియోలైటో, దానితోపాటు ఇంకేమున్నాయో చూసిందెవరన్నదే మా ప్రశ్న.

ఎవరి నమ్మకం వారిది, ప్రతి కొత్తదాన్నీ అనుమానిస్తే ఎలా అనేవాళ్లూ ఉన్నారు. సరే, నమ్మి కొనుక్కునే హక్కు రోగికి ఉంది. నమ్మించడానికి అబద్ధం చెప్పే హక్కు అమ్మేవాడికి ఎవరిచ్చారు? అతనికే ఆ పొడి మీద నమ్మకముంటే ఫోన్లో చెప్పిన మాట డబ్బా మీద ఎందుకు అచ్చు వేయలేదు? వేస్తే పట్టుబడతాడు. వేయకపోతే అమ్ముడుపోదు. అందుకే డబ్బా మీద ఒకటి, ఫోన్లో ఒకటి.

అధికారులూ ఇదే నాటకంలో తలో పాత్ర వేస్తున్నారు. ఫుడ్ సేఫ్టీ వాళ్లనడిగితే లేబుల్ సక్రమంగానే ఉందంటారు. డ్రగ్స్ వాళ్లనడిగితే అది ఫుడ్ లైసెన్సు సరుకు అంటారు. ఒకరు డబ్బా చూస్తారు, ఫోన్ చూడరు. ఇంకొకరు రెండూ చూడరు. చేతకాకపోతే పోనీ అనుకోవచ్చు. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు తప్పుడు ప్రకటనల మందులపై దాడులు చేసి సరుకు పట్టుకున్న వార్తలు మనం చదివినవే. తలుచుకుంటే పట్టుకోగలరు. అందుకే ఒళ్లు మండుతోంది.

నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడని జబ్బుల జాబితా 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో ఉంది, అందులో కేన్సర్ ఉంది. నయం చేస్తుందని చెప్పి అమ్మే పదార్థం ఆ చట్టం దృష్టిలో మందే, లైసెన్సు మీద ఏం రాసుకున్నా సరే. మొదటి తప్పుకు ఆరు నెలల దాకా జైలు. ఈ శిక్షలు చాలవని 2020లో కేంద్రమే ముసాయిదా తెచ్చింది, మళ్లీ దొరికితే ఐదేళ్లు, రూ.50 లక్షలు అంది. ఆ ముసాయిదా ఇప్పటికీ చట్టం కాలేదు. అంతటితో ఆగలేదు. ఆయుర్వేద మందుల ప్రకటనలకు ముందే అనుమతి తీసుకోవాలన్న, డ్రగ్స్ నిబంధనల్లోని 170వ నిబంధనను 2024 జులైలో కేంద్రమే తొలగించింది, ఆగస్టులో సుప్రీంకోర్టు ఆపినా 2025 ఆగస్టులో ఆ స్టే ఎత్తేసింది. వేదిక మీద తప్పుడు ప్రకటనలపై ఉక్కుపాదం, గెజిట్‌లో గేట్లు బార్లా. డబ్బావాడు ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నాడో వేరే చెప్పాలా?

మా పత్రికా వ్యాపారమూ ఈ తప్పులో భాగమే. ఎలుకల మీద చేసిన ప్రయోగానికి 'కేన్సర్‌కు చెక్' అని హెడ్డింగ్ పెట్టని తెలుగు పేపరు లేదు, మాదీ అందులోదే. లోపల ఏడో పేరాలో 'మనుషులపై ప్రయోగాలు జరగాల్సి ఉంది' అని వేస్తాం. ఆ పేరా వీడియోలోకి వెళ్లదు, హెడ్డింగే వెళుతుంది. యూనివర్సిటీలు పంపే ప్రెస్ నోట్లదీ అదే వరస. పరిశోధన పత్రంలో 'అవకాశం ఉంది' అన్నది ప్రెస్ నోట్‌కి వచ్చేసరికి 'అద్భుత విజయం' అయిపోతుంది. తమ పత్రం ఫొటో పెట్టి మట్టి అమ్ముతుంటే, అది మేం చెప్పింది కాదని ఒక్క ప్రకటన ఇచ్చే తీరిక ప్రొఫెసర్లకు ఉండదా?

ప్రపంచంలో 2022లో 19 లక్షల మందికి పైగా ఈ కేన్సర్ బారిన పడ్డారు, 9 లక్షల మంది పోయారు. తొలి దశలో పట్టుకుంటే ఆపరేషన్‌తో బయటపడే అవకాశం బాగా ఉన్న జబ్బు ఇది. హైదరాబాద్ ఎంఎన్‌జేలో, విశాఖ అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రిలో వైద్యం ఉంది. 'ముందు రెండు నెలలు ఇది వాడి చూద్దాం' అని డబ్బా పట్టుకుని కూర్చున్నవాళ్లకు ఆ రెండు నెలల్లో గడ్డ పెరుగుతూనే ఉంటుంది.

ఫోన్లో వీడియో మా పరిధిలోకి రాదని చెప్పబోయే అధికారి ఒకసారి ఆ 1954 చట్టం రెండో సెక్షన్ తెరిచి చదవాలి. కరపత్రం, లేబుల్, నోటి మాట ఒక్కటే కాదు, వెలుతురుతో గానీ శబ్దంతో గానీ చివరికి పొగతో గానీ చెప్పినా అది ప్రకటనే అని అందులో రాసి ఉంది. వాట్సాప్ పేరు కూడా ఎవరికీ తెలియని రోజుల్లో పొగను కూడా వదలకుండా రాసిపెట్టారు. మీ జేబులో ఉన్న ఫోన్లో కనిపిస్తున్నది వెలుతురే, వినిపిస్తున్నది శబ్దమే. ఇంకా పొగ కోసం ఎదురుచూస్తున్నారా?