తక్కువ శిక్షపై అప్పీలు: వేయకపోతే కారణం చెప్పేదెవరు?

కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రి హత్యాచారం కేసులో 2025 జనవరి 20న సీల్దా కోర్టు దోషికి యావజ్జీవ ఖైదు వేసింది. ఉరి పడుతుందనుకున్నవాళ్లు భగ్గుమన్నారు. మర్నాడే పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం శిక్ష పెంచాలంటూ హైకోర్టుకు వెళ్లింది. సీబీఐ కూడా అదే కోరింది. ఫిబ్రవరి 7న హైకోర్టు రాష్ట్రం అప్పీలును పక్కన పెట్టి, సీబీఐ అప్పీలును విచారణకు తీసుకుంది. దర్యాప్తు చేసింది కేంద్ర సంస్థ కాబట్టి అడిగే హక్కు రాష్ట్రానికి లేదని తేల్చింది. అంటే మొదట వాదన జరిగింది శిక్ష సరిపోయిందా లేదా అని కాదు, అడగాల్సింది ఎవరని.

ఊరంతా మాట్లాడుకునే కేసుల్లో అప్పీలు వేయడానికి ప్రభుత్వాలు పోటీ పడతాయి. ఎవరూ పట్టించుకోని కేసుల సంగతేమిటన్నది నా ప్రశ్న.

శిక్ష చాలలేదని అప్పీలు వేసే అధికారాన్ని, క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత)లోని 418వ సెక్షన్ ప్రభుత్వానికే ఇచ్చింది. పాత సీఆర్‌పీసీలో ఇదే 377. మెజిస్ట్రేట్ వేసిన శిక్షపై సెషన్స్ కోర్టుకు, మిగతా కోర్టులు వేసిన శిక్షపై హైకోర్టుకు వెళ్లాలి. మరి బాధితులు? 2009లో తెచ్చిన సవరణ వాళ్లకు అప్పీలు హక్కు ఇచ్చింది కానీ మూడు సందర్భాల్లోనే: నిందితుణ్ని నిర్దోషిగా వదిలేసినప్పుడు, చిన్న నేరం కింద దోషిగా తేల్చినప్పుడు, పరిహారం చాలనప్పుడు. శిక్ష తక్కువైందన్న ఫిర్యాదు ఆ జాబితాలో లేదు. కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి, దోషికి పడిన యావజ్జీవం చాలదంటూ కోర్టుకెక్కితే, 2020లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పి తిప్పి పంపింది.

వినడానికి కఠినంగా ఉన్నా ఆ తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. దుఃఖం ఎంత పెద్దదో దాన్నిబట్టి శిక్ష కొలవడం మొదలుపెడితే, అడిగేవాళ్లున్న కేసులో ఒక శిక్ష, లేని కేసులో ఇంకో శిక్ష పడుతుంది. అయితే, నీ తరఫున నేనే అడుగుతానని చెప్పిన ప్రభుత్వం, అడగకూడదని అనుకున్నప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలి కదా. పబ్లిక్ ప్రాసిక్యూటర్ అభిప్రాయం రాస్తాడు, ఫైలు పైకి వెళ్తుంది, ఎక్కడో ఒకచోట 'అప్పీలు అక్కర్లేదు' అని తేలుతుంది. ఎందుకు అక్కర్లేదో ఆ కుటుంబానికి చెప్పమని చట్టం ఎవరినీ ఆదేశించలేదు. గడువు దాటాక తెలిసినా వాళ్లు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. కింది కోర్టు తీర్పును సరిచూడమని పై కోర్టును అడిగే రివిజన్ దారి ఉంది గానీ అది హక్కు కాదు, కోర్టు దయ.

ఇంగ్లండ్‌లో 1988 నాటి చట్టంతో ఇంకో పద్ధతి తెచ్చారు. తీవ్రమైన కొన్ని నేరాల్లో శిక్ష మరీ తక్కువగా ఉందనిపిస్తే బాధితులే కాదు, దారినపోయే ఎవరైనా అటార్నీ జనరల్‌కు రాయొచ్చు. ఆయనకూ సబబేననిపిస్తే అప్పీలు కోర్టుకు పంపుతారు. 2013లో బీబీసీ మాజీ వ్యాఖ్యాత స్టూవర్ట్ హాల్‌కు పడిన 15 నెలల శిక్ష ఇలాగే 30 నెలలైంది. అయితే ఆ అప్పీలు కోర్టు మొదటి నుంచీ ఒక గీత గీసి పెట్టుకుంది. మేమైతే ఇంకో ఏడాది ఎక్కువ వేసేవాళ్లమన్నది చాలదు. సరైన ఆలోచన ఉన్న ఏ జడ్జీ వేయనంత తక్కువగా ఉంటేనే చెయ్యి పెడుతుంది.

ఈ గీత లేకపోతే ఏమవుతుందో దోషి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. మాజీ క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ కేసు తీసుకోండి. 1988 డిసెంబర్‌లో పటియాలా రోడ్డు మీద గొడవ, 65 ఏళ్ల పెద్దాయన మృతి. ట్రయల్ కోర్టు 1999లో నిర్దోషి అంది. హైకోర్టు 2006లో మూడేళ్ల జైలు వేసింది. సుప్రీంకోర్టు 2018లో వెయ్యి రూపాయల జరిమానాతో సరిపెట్టింది. 2022 మేలో అదే సుప్రీంకోర్టు, ఆ తీర్పును మళ్లీ చూడమన్న రివ్యూ పిటిషన్‌పై, ఏడాది కఠిన కారాగార శిక్ష వేసింది. బలమైన క్రీడాకారుడి చెయ్యి కూడా ఆయుధమేనని, ఆ సంగతి ముందు తీర్పులో లెక్కలోకి రాలేదని చెప్పింది. వెయ్యి రూపాయలు మరీ అన్యాయమన్న దాంట్లో నాకు సందేహం లేదు. కానీ 33 ఏళ్లు దాటాక జైలుకు పంపడం ఎవరికి ఊరట? ఇంకో సంగతి గమనించారా, ఆ రివ్యూ పిటిషన్ వేసింది ప్రభుత్వం కాదు, చనిపోయినాయన కుటుంబం.

దక్షిణాఫ్రికాలో ప్రాసిక్యూషన్ తన పని తాను చేసింది. ప్రియురాలిని కాల్చి చంపిన పారాలింపిక్ రన్నర్ ఆస్కార్ పిస్టోరియస్‌కు 2016లో ఆరేళ్లు వేస్తే ఊరుకోకుండా అప్పీలుకు వెళ్లింది. అక్కడ హత్యకు మామూలుగా కనీస శిక్ష 15 ఏళ్లు. ఆరేళ్లంటే నేరాన్నే చులకన చేయడమని అప్పీలు కోర్టు 2017 నవంబర్‌లో దాన్ని 15 ఏళ్లుగా లెక్కగట్టి, అప్పటికే అనుభవించింది తీసేసి 13 ఏళ్ల 5 నెలలు మిగిల్చింది. కొలబద్ద ముందే ఉంది కాబట్టి ఎంత తగ్గిందో చూపడం తేలికైంది.

మనకు ఆ కొలబద్దే లేదు. చాలా నేరాలకు 'పదేళ్ల వరకూ' అని పై హద్దు మాత్రమే ఉంటుంది. శిక్షలకు మార్గదర్శకాలు కావాలని, నేర న్యాయ వ్యవస్థ సంస్కరణలపై వేసిన మలిమత్ కమిటీ 2003లోనే చెప్పింది. అవి ఇంకా రాలేదు. అవి లేనప్పుడు 'తక్కువ' అన్న మాటను కోర్టులో నిరూపించడం ప్రాసిక్యూటర్‌కు కష్టం. పైగా శిక్ష పెంచమని అప్పీలు వేస్తే, అసలు నేరమే చేయలేదని వాదించుకునే అవకాశం అదే కేసులో దోషికి దొరుకుతుంది. తొందరపడి వేస్తే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, పడిన శిక్ష కూడా పోవచ్చు. వేయొద్దని ప్రాసిక్యూటర్ రాసిన కేసుల్లో ఇలాంటి మంచి కారణమే ఉండొచ్చు. ఉంటే దాచడం ఎందుకు?

పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల కేసుల్లో అప్పీలుపై అభిప్రాయం చెప్పే బాధ్యతను బీఎన్‌ఎస్‌ఎస్ 20వ సెక్షన్ ఇప్పటికే డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కు అప్పగించింది. ఆ అభిప్రాయంలో కారణాలున్న భాగాన్ని, అప్పీలు గడువు ముగియకముందే, బాధితులకు పంపాలని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. దానికి కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త పోస్టూ అక్కర్లేదు.