లైన్‌లో ఏదో ఉంది

ఆదివారం పొద్దున కడపలో, ఎర్రముక్కపల్లె బ్రౌన్ గ్రంథాలయానికి రెండు వీధుల ఇవతల, ఆరుగురిని కూర్చోబెట్టి వేమన పద్యాలకు ట్యాగులు, అంటే ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంప్యూటర్‌కు చెప్పే గుర్తులు, వేయడం నేర్పిస్తున్నాను. బ్రౌన్ దొర ఈ ఊళ్లోనే పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సరిచూయించాడు. నా బడ్జెట్ ఉగ్గాని, బజ్జీ వరకే.

ఈ పనికి 1987లో మొదలైన టీఈఐ (టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్) అనే పద్ధతి ఉంది. అందులో పద్యానికి ‘ఎల్‌జీ’, పాదానికి ‘ఎల్’. మొదటిరోజే బెదరగొట్టడమెందుకు, ఈ ట్యాగులు రాసే ఎక్స్ఎంఎల్ అనే కంప్యూటర్ భాషలో ట్యాగు పేరు తెలుగులోనూ పెట్టుకోవచ్చు కదా అని, పాదానికి ‘లైన్’ అని పెట్టి నమూనా ఫైలు అందరికీ పంచాను.

“పాదం అనరాదాప్పా?” అన్నారు రిటైరైన తెలుగు అయ్యవారు.

“లైన్ అంటేనే ఈజీ, అయ్యవారూ!”

ఆటవెలదికి నాలుగు పాదాలు. తెరిచిన ట్యాగు మూయాలి, అంతే. అందరూ శ్రద్ధగా మూశారు. బ్రౌజర్‌లో తెరిస్తే ఆరు తెరల మీదా ఒకటే గోల: తెరిచిన ‘లైన్’కూ మూసిన ‘లైన్’కూ పొంతన లేదట!

కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. తేడా ఏముంది? ఒకమ్మాయి లెక్క అప్పజెప్పినట్టు చదివింది: “లకు ఐత్వం, నకు పొల్లు. కిందా అంతే సార్.” ఫాంట్‌ను తిట్టాను, కీబోర్డును తిట్టాను, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. బజ్జీలు చల్లారాయి. టెన్షన్‌లో నేనే రెండు తినేశాను.

ఇంతలో అయ్యవారు, “నాది కుదిరిందప్పా” అన్నారు.

“ఏం చేశారు?”

“తెరిచే ట్యాగులన్నిట్లో పొల్లు పక్కన బ్యాక్‌స్పేస్ ఒక్కోసారి కొట్టినా. ఏమీ చెరగలేదు. తప్పు మాత్రం పోయింది.”

అప్పుడు వెలిగింది. ‘లైన్‌లో’ అని రాస్తే న, ల కలిసి ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పెడతాం. రాత్రి నా నోట్సులోంచి ఆ మాటే కాపీ చేసి, చివరి ‘లో’ చెరిపి ట్యాగు చేసుకున్నాను. ‘లో’ పోయింది, కనపడనిది మిగిలింది. మూసే ట్యాగేమో చేత్తో కొట్టాను. మన కంటికి రెండూ కవలలు, యంత్రానికి ముక్కూ మొహం తెలియని వాళ్లు.

తప్పు నా నమూనా ఫైలుదేనని ఒప్పుకోక తప్పలేదు. అయ్యవారు చల్లారిన బజ్జీ తుంచుతూ అన్నారు:

“పాదానికి పొల్లు లేదు కదప్పా.”